మబ్బు మీద నేరం

హఫీజ్‌పేట్ రైల్వే స్టేషన్‌కి దగ్గర్లో మా అపార్ట్‌మెంట్. మూడో అంతస్తులో ఉండే పెద్దాయన బేగంపేట వాతావరణ కేంద్రంలో పనిచేసి రిటైరయ్యారు. ఆయన మేనకోడలు కొండాపూర్‌లో, సరుకు రవాణా కంపెనీలకు సాఫ్ట్‌వేర్ తయారుచేసిపెట్టే ఆఫీసులో ఇంజినీరు. ఇద్దరూ ఒకచోట చేరితే మాట విమానాల మీదికి పోతుంది, పోయాక తగువవుతుంది. ఈసారి తగువు పత్రికా భాషలోని ఒక వాక్యం దగ్గర మొదలైంది: 'వాతావరణం అనుకూలించక కూలిన కార్గో విమానం.' ఏ దేశంలో ఏ సరుకుల విమానం పడినా మనకు లోపలి పేజీలో ఇంచుమించు ఇదే హెడ్డింగుతో ఆరేడు లైన్లు దొరుకుతాయి. పోయింది ఇద్దరు ముగ్గురే గనక అంతకు మించి చోటివ్వరు. మధ్యలో కూర్చుని విన్నదాన్ని రాస్తున్నాను. తటస్థంగా ఉంటానని మాత్రం మాటివ్వను.

మావయ్య: సర్వీసంతా ఈ మాట వింటూనే ఉన్నాను అమ్మాయ్. అనుకూలించకపోవడం ఏమిటి? అనుకూలిస్తానని మబ్బు ఎవరికైనా మాటిచ్చిందా?

మేనకోడలు: మీ డిపార్ట్‌మెంటుని మీరు వెనకేసుకొస్తున్నారు, అంతే. గాలీ వానా లేకపోతే ఆ విమానాలు పడేవే కావు కదా. 2009 మార్చి 23న జపాన్‌లోని నరిటాలో ఫెడెక్స్ ఎండీ-11 ఏమైంది? గ్వాంగ్‌జౌ నుంచి వచ్చింది. ఈదురు గాలిలో దిగుతూ రన్‌వే మీద గెంతి, మళ్లీ గెంతి, ఎడమ రెక్క విరిగి తలకిందులై కాలిపోయింది. పైలట్లిద్దరూ పోయారు. దానికి గాలి కారణం కాదంటారా?

మావయ్య: గాలి ఉంది. లేదనను. కానీ రన్‌వే మీద మొదటిసారి గెంతిన విమానాన్ని మళ్లీ పైకి లేపి, చుట్టు తిరిగి వచ్చి దిగొచ్చు. నేలకు నొక్కిపెట్టి కూర్చోబెడదామని చూస్తేనే ఇంకా గట్టిగా గెంతుతుంది. జపాన్ వాళ్ల దర్యాప్తు రిపోర్టు చదివావా? అందులో గాలి గురించి ఎంతుందో, దిగే వేగం గురించి, చేతి కదలికల గురించి, చక్రాల మీద పడిన బరువు రెక్కని ఎలా విరిచిందన్న దాని గురించి అంతకంటే ఎక్కువుంది. పత్రికకి ఒక్క ముక్క కావాలి. మబ్బు ఎదురు మాట్లాడదు గనక దాని మీద వేసేస్తారు.

మేనకోడలు: సరే. మీరు ఎప్పుడూ చెప్పే బర్మింగ్‌హామ్‌కే రండి. అక్కడ మబ్బు లేదా?

మావయ్య: ఉంది. ఆ మబ్బు ఎంత ఎత్తులో ఉందో రాసినవాడూ ఉన్నాడు. అదే నా బాధ.

ఇక్కడ కొంచెం వివరం చెప్పాలి. 2013 ఆగస్టు 14. అమెరికాలోని లూయివిల్ నుంచి అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్‌కి యూపీఎస్ వారి 1354వ నంబరు విమానం బయల్దేరింది. ఎయిర్‌బస్ ఏ300, నిండా పార్సిళ్లు, కాక్‌పిట్‌లో ఇద్దరు. తెల్లవారుజామున 4 గంటల 47 నిమిషాలకు రన్‌వేకి మైలు లోపు దూరంలో చెట్లకు, కరెంటు తీగలకు తగిలి కొండవాలు మీద పడింది. ఇద్దరూ చనిపోయారు. పెద్ద రన్‌వే దీపాల మరమ్మతు కోసం మూసి ఉంది. తెరిచి ఉన్న చిన్న రన్‌వేకి దిశ చూపే రేడియో సంకేతం ఉందిగానీ, ఎంత వాలుగా దిగాలో చెప్పే గ్లైడ్‌స్లోప్ సంకేతం లేదు. ఆ వాలుని విమానంలోని కంప్యూటర్ లెక్క కట్టి ఇవ్వాలి. దానికి దారిని సరిగా ఎక్కించాలి, ఆ ఒక్క పని జరగలేదు. వాలు దొరక్కపోయేసరికి కెప్టెన్ నిమిషానికి 1,500 అడుగుల చొప్పున విమానాన్ని దించడం మొదలుపెట్టాడు. రన్‌వే కనిపించకపోతే సముద్రమట్టానికి 1,200 అడుగుల ఎత్తు దగ్గర ఆగిపోవాలి. ఆగలేదు.

మేనకోడలు: మరి? మొత్తం పైలట్ తప్పే కదా. అమెరికా రవాణా భద్రతా బోర్డు 2014 సెప్టెంబర్‌లో తేల్చిందీ అదేగా. నిలకడలేని అప్రోచ్‌ని కొనసాగించారు, ఎత్తు చూసుకోలేదు అని.

మావయ్య: ఎందుకు చూసుకోలేదో కూడా చదువు. వాళ్ల చేతికి అందిన సమాచారంలో మబ్బు అడుగు నేల నుంచి 1,000 అడుగుల ఎత్తులో ఉందని ఉంది. అంటే 1,000 దాటి కిందికి రాగానే దీపాలు కనపడతాయని ఎదురుచూస్తూ బయటికి చూస్తున్నారు. కళ్లు అద్దం మీదున్నాయి, మీటరు మీద లేవు. కానీ ఆ రోజు వాతావరణ నివేదిక చివర, రిమార్క్స్ అనే చోట ఇంకో ముక్క ఉంది. మబ్బు అడుగు 600 నుంచి 1,300 అడుగుల మధ్య మారుతోందని. యంత్రం రాసిందో, మనిషి రాశాడో, మొత్తానికి రాశారు. కంపెనీ డిస్పాచ్ కాగితాల్లోకి అది రాలేదు. ఎయిర్‌పోర్టు రికార్డు చేసి వినిపించే సమాచారంలోకీ రాలేదు. రిమార్క్స్‌ని సాఫ్ట్‌వేర్ కత్తిరించేసింది అమ్మాయ్. మీవాళ్లే.

ఆయన 'మీవాళ్లే' అన్న తీరు చూస్తే ఆ ఫ్లయిట్ ప్లానింగ్ సాఫ్ట్‌వేర్‌ని మేనకోడలే స్వయంగా రాసిందేమో అనిపించింది. ఆమె నవ్వలేదు.

మేనకోడలు: కత్తిరిస్తాం మావయ్యా. నేనూ కత్తిరిస్తాను. ఎందుకో అడగరేం? రిమార్క్స్‌లో ఒక పద్ధతి ఉండదు. ఒక స్టేషన్‌వాడు పీడనం మార్పు రాస్తాడు, ఇంకోడు దూరంగా మెరుపు కనిపించిందని రాస్తాడు, ఇంకోడు సెన్సర్ పనిచేయట్లేదని రాస్తాడు. వంద నివేదికల్లో తొంభైకి పైగా పైలట్‌కి అక్కర్లేని చెత్తే. అన్నీ పెడితే అసలుది మునిగిపోతుంది. 2017 జులైలో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎయిర్ కెనడా విమానం రన్‌వే అనుకుని ట్యాక్సీవే మీదికి దిగబోయింది గుర్తుందా? అక్కడ నాలుగు విమానాలు జనంతో వరసగా నిలబడి ఉన్నాయి. పక్క రన్‌వే మూసేశారన్న సమాచారం పైలట్ల కాగితాల్లో ఉంది. ఎక్కడ? 27 పేజీల్లో ఎనిమిదో పేజీలో. ఆ నోటీసులన్నీ ఎవరూ పట్టించుకోని చెత్త అని భద్రతా బోర్డు ఛైర్మనే విసుక్కున్నాడు. ఒకచోట కత్తిరించినందుకు తిట్టారు, ఇంకోచోట కత్తిరించనందుకు తిట్టారు. మేం చేయాల్సింది ఏమిటి?

మావయ్య: ఏది చెత్తో తేల్చే ముందు దించేవాణ్ణి అడగాలి.

మేనకోడలు: అడుగుతాం. వాళ్లు ఒక్కొక్కరూ ఒక్కో మాట చెబుతారు. చివరికి ప్రోగ్రాంలో ఒక లైన్ రాయాలి: చూపించు, లేదా తీసెయ్. మీ కాలంలో ఆ లైన్ రాసే అవసరం మీకు రాలేదు. బేగంపేటలో అరగంటకోసారి మెటార్ అనే వాతావరణ నివేదిక రాశారు, టవర్‌కి పంపారు, మీ పని అయిపోయింది.

మావయ్య: అయిపోలేదు. పరిస్థితి మారితే అరగంట దాకా ఆగం, మధ్యలోనే ప్రత్యేక నివేదిక పంపుతాం. నివేదిక చివర ట్రెండ్ రాస్తాం, రాబోయే రెండు గంటల్లో ఏం మారొచ్చో. ఆ చివరి ముక్క రాయడానికే అన్నిటికంటే ఎక్కువ ఆలోచిస్తాం. ముందున్న అంకెలు పరికరం చెబుతుంది. చివరిది మనిషి చెప్పాలి. నువ్వు తీసేసేది ఆ చివరిదే.

నాకైతే ఇద్దరూ నిజమే చెబుతున్నారనిపించింది. కానీ ఒక తేడా ఉంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో సమాచారం కాగితంలో ఉంది, వెతికితే దొరికేది. బర్మింగ్‌హామ్‌లో వెతికినా దొరకదు. మోతాదు ఎక్కువైన మందునీ అసలు ఇవ్వని మందునీ ఒకే గాటన కట్టలేం కదా. ఈ మాట అనబోయాను, అప్పటికే వాదం నిద్ర మీదికి మళ్లింది.

మావయ్య: ఇంకో సంగతి. ఆ ఇద్దరూ బయల్దేరే ముందు కాక్‌పిట్‌లో మాట్లాడుకున్నదేమిటో తెలుసా? విశ్రాంతి నిబంధనల గురించి. ప్రయాణికుల విమానాల పైలట్లకి కొత్త నిబంధనలు వస్తున్నాయి, సరుకుల పైలట్లకి వర్తించవట, భద్రత అనేది అందరికీ ఒకటే ఉండాలి కదా అని. రికార్డర్‌లో ఉంది. కాసేపటికి ఇద్దరూ లేరు.

మేనకోడలు: కథకి బాగుంటుంది. రిపోర్టులో ఇంకోటి కూడా ఉంది, అది మీరు చెప్పరు. కో-పైలట్ అలసటకి ప్రధాన కారణం, తనకు దొరికిన ఖాళీ సమయాన్ని నిద్రకి సరిగా వాడుకోకపోవడం అని బోర్డే రాసింది. ఆ వారం వాళ్ల డ్యూటీ కొత్త నిబంధన ప్రకారం చూసినా హద్దుల్లోనే ఉందని కంపెనీ వాదించింది. అంటే మీ నిబంధన ఆ రాత్రికి అమల్లో ఉన్నా ఆ విమానం బయల్దేరేది.

మావయ్య: బయల్దేరేదేమో. నిబంధన ఒక్క విమానం కోసం రాయరు. 2009 ఫిబ్రవరిలో అమెరికాలోని బఫెలో దగ్గర కోల్గన్ ప్రయాణికుల విమానం పడి 50 మంది పోతే ఆ నిబంధన పుట్టింది. 2011 డిసెంబర్‌లో ప్రకటించారు, 2014 జనవరి 4 నుంచి అమలు. అందులోంచి కార్గోని తీసి పక్కన పెట్టారు. కారణం? ఖర్చుకి తగ్గ ప్రయోజనం లేదట. లెక్క ఎలా వేస్తారో నీకు నాకంటే బాగా తెలుసు. విమానంలో రెండు వందల మంది ఉంటే ప్రమాదం ఆపినందుకు లాభం పెద్ద అంకె. ఇద్దరే ఉంటే చిన్న అంకె. పగలు పనిచేసేవాళ్లకి విశ్రాంతి ఇచ్చి, రాత్రంతా మేలుకునేవాళ్లకి వద్దన్నారు!

మేనకోడలు: అంకె క్రూరంగా ఉంటుంది, అబద్ధం కాదు. డబ్బు ఎక్కడ పెడితే ఎక్కువ ప్రాణాలు నిలుస్తాయో చూడాలి కదా. మొన్న 2025 డిసెంబర్‌లో మనకేమైంది? పైలట్లకి వారానికి 48 గంటల విశ్రాంతి, అర్ధరాత్రి తర్వాతి ల్యాండింగులు ఆరు నుంచి రెండుకి తగ్గించాలి అన్నారు. ఇండిగో సిద్ధంగా లేదు. వేల విమానాలు రద్దు. శంషాబాద్‌లో జనం సామాన్ల మీద పడుకున్నారు. ఆ కంపెనీకి ఫిబ్రవరి 10 దాకా మినహాయింపు ఇచ్చేశారు. నిద్ర కావాలన్నది మీరే, విమానం రాలేదని అరిచిందీ మీలాంటివాళ్లే.

మావయ్య: నేను అరవలేదు.

మేనకోడలు: అత్తయ్య అరిచింది.

మావయ్య: ఆవిడ దేనికైనా అరుస్తుంది. విషయానికి రా. ఇద్దరే ఉంటారన్నావు. ఆ లెక్క కాక్‌పిట్ తలుపు దగ్గర ఆగిపోతుంది. 2017 జనవరి 16, కిర్గిజ్‌స్థాన్ రాజధాని బిష్కెక్. హాంకాంగ్ నుంచి ఇస్తాంబుల్ పోయే 747 కార్గో విమానం, మధ్యలో అక్కడ ఆగాలి. పొద్దున్న ఏడు దాటింది, గట్టి పొగమంచు. విమానం ఉండాల్సిన దానికంటే చాలా పైన ఉండిపోయింది. గ్లైడ్‌స్లోప్ సంకేతానికి పైన ఎక్కువ వాలుతో దొంగ సంకేతాలు పుడతాయి, ఆటోపైలట్ వాటిలో ఒకదాన్ని పట్టుకుంది. ఎత్తుకీ దూరానికీ పొంతన కుదిరిందో లేదో పైలట్లు సరిచూసుకోలేదు. రన్‌వే మొత్తం దాటిపోయాక నేల దగ్గరికొచ్చింది. అవతల ఊరుంది, దాచా-సూ. విమానంలో నలుగురు, ఇళ్లలో 35 మంది. ఎవరూ టికెట్ కొనలేదు.

మేనకోడలు: ...

మావయ్య: అంత దూరం ఎందుకు? 1978 డిసెంబర్‌లో బేగంపేటలో ఇండియన్ ఎయిర్‌లైన్స్ 737 టేకాఫ్ కాలేక పడినప్పుడు లోపలివాళ్లలో ఒకరు పోతే, కింద ఉన్నవాళ్లు ముగ్గురు పోయారు. నేనప్పటికి సర్వీసులో చేరలేదు. చేరాక పాతవాళ్లు చెప్పేవారు. బేగంపేట చుట్టూ ఎన్ని ఇళ్లున్నాయో ఆ రన్‌వే మీదికి ఒక్కసారి దిగినవాడెవడూ మరిచిపోడు. 2008లో విమానాలు శంషాబాద్‌కి పోయాయిగనక ఊపిరి పీల్చుకున్నాం. శంషాబాద్ చుట్టూ ఇప్పుడేం కడుతున్నారో నీకు తెలియదా?

మేనకోడలు: బిష్కెక్ ఒప్పుకుంటాను. లెక్కలో కింద ఉన్నవాళ్లని కూడా వేయాలి. కానీ మీ మాటల వెనక ఒకటి ఉంది మావయ్యా, అది నాకు నచ్చదు. మా తరం బూట్లు, ఫోన్ కవర్లు రాత్రికి రాత్రి కావాలంటోందిగనక ఎక్కడో పైలట్ చస్తున్నాడని. మీరు అనరు, అనాలనుకుంటారు.

మావయ్య: అనాలనే ఉంది.

మేనకోడలు: అయితే 2021 జూన్ 1 గుర్తు చేసుకోండి. స్పుత్నిక్ టీకాలు 56.6 టన్నులు, ప్రత్యేకంగా మాట్లాడుకున్న కార్గో విమానంలో శంషాబాద్‌లో దిగాయి. తెల్లవారకముందే. మైనస్ 20 డిగ్రీల దగ్గర ఉంచాల్సిన మందు. అంతకు ముందు జనవరిలో మన జీనోమ్ వ్యాలీ నుంచి కోవాగ్జిన్ పెట్టెలు ఊరూరికీ విమానాల్లోనే పోయాయి. హైదరాబాద్ నుంచి బయటికి వెళ్లే విమాన సరుకులో మందులదే పెద్ద వాటా. ఆ రాత్రి మీరు పైలట్‌ని ఆగమనేవారా?

మావయ్య: మబ్బు 600 అడుగులుండి, దించే వాలు దొరక్కపోతే ఆగమనేవాణ్ణి. టీకాలైనా సరే. ముక్కలైపోయిన టీకా ఎవరికి వేస్తావు? ఇంకో ఎయిర్‌పోర్టుకి పొమ్మంటాను. బెంగళూరు ఎంత దూరం?

మేనకోడలు: అది పైలట్ నిర్ణయం, ఎవడూ ఆపడు. రూల్ పుస్తకంలో స్పష్టంగా ఉంది.

మావయ్య: పుస్తకంలో ఉంది. 2020 ఆగస్టు 7న కోజికోడ్‌లో వాన, వెనక నుంచి గాలి. ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం ఒకసారి దిగబోయి మళ్లీ లేచి, రెండోసారి సగం రన్‌వే దాటాక నేలని తాకి లోయలో పడింది. 21 మంది పోయారు. కెప్టెన్ అనుభవం తక్కువవాడు కాదు, వాయుసేనలో టెస్ట్ పైలట్‌గా చేసినవాడు. మన దర్యాప్తు సంస్థ రిపోర్టులో ఒక చోట ఏం రాశారంటే, మర్నాడు పొద్దున్న కోజికోడ్ నుంచి పోవాల్సిన విమానం ఆయనే నడపాలి, ఆ స్థావరంలో చాలినంతమంది కెప్టెన్లు లేరు, ఆ ఒత్తిడి ఎలాగైనా అక్కడే దిగాలన్న తపనకి తోడైంది అని. ఆపేవాడు ఎవడూ లేడు, నిజమే. ఆగనివ్వనిది మాత్రం ఒకటుంది. అది మర్నాటి డ్యూటీ చార్టులో ఉంది.

మేనకోడలు: అది ప్రయాణికుల విమానం. మీరు కలగాపులగం చేస్తున్నారు.

మావయ్య: కార్గోలో చార్టు ఇంకా బిగువుగా ఉంటుందని చెబుతున్నాను. ప్రయాణికుడు ఆలస్యమైతే తిడతాడు. పార్సిల్ తిట్టదు, దాని బదులు కాంట్రాక్టు తిడుతుంది.

మేనకోడలు: అయితే హ్యూస్టన్‌ని ఏం చేస్తారు? 2019 ఫిబ్రవరి 23, అట్లాస్ ఎయిర్ 767, అమెజాన్ పార్సిళ్లు. మియామీ నుంచి వస్తూ టెక్సస్‌లో ట్రినిటీ బే నీళ్లలో పడింది. ముగ్గురు పోయారు. పట్టపగలు, మధ్యాహ్నం పన్నెండున్నర దాటింది. నిద్రమత్తు కథ లేదు. వాన మబ్బులున్నాయి, కొంచెం కుదుపు, అంతే. కో-పైలట్ చేయి తగిలి, విమానాన్ని మళ్లీ పైకి లేపే మీట పొరపాటున పనిచేసింది. మబ్బులో దిక్కు తెలియక, విమానం గాలిలో పట్టు కోల్పోతోందనుకుని ముక్కుని కిందికి నొక్కేశాడు. ఆ మనిషి అంతకు ముందు పనిచేసిన చోట్ల శిక్షణలో తప్పిన సంగతులు దాచాడు. ఇందులో మీ డ్యూటీ చార్టు ఎక్కడుంది? ఒకడికి చేతకాలేదు. చేతకానివాణ్ణి కనిపెట్టే పద్ధతి లేదు. ఆ పద్ధతే మావాళ్లు తయారుచేయగలరు, సాఫ్ట్‌వేర్‌తో. తర్వాత అదే చేశారు, పైలట్ల రికార్డులన్నీ ఒకేచోట దొరికేలా డేటాబేస్ పెట్టారు.

మావయ్య: చట్టం చేసి ఎన్నేళ్లకి పెట్టారు? బఫెలో ప్రమాదం తర్వాత 2010లోనే అమెరికా కాంగ్రెస్ పెట్టమంది. హ్యూస్టన్ దాకా రాలేదు. ఆ ఆలస్యాన్ని కూడా బోర్డు కారణాల్లో రాసింది. మరి దాచినవాణ్ణి కంపెనీ ఎందుకు అంత తేలిగ్గా తీసుకుంది? నియామకాల పద్ధతిలో లోపాలున్నాయని అదే రిపోర్టు. పార్సిళ్లు పెరిగిపోతుంటే కాక్‌పిట్‌లోకి మనుషులు కావాలి. దొరికినవాణ్ణి కూర్చోబెడతారు.

మేనకోడలు: ఆ చివరి రెండు వాక్యాలు రిపోర్టులో లేవు.

మావయ్య: లేవు. అవి నావి.

ఇది ఒప్పుకున్నందుకు ఆయన మీద నాకు గౌరవం పెరిగింది. వాదనలో పడ్డాక రిపోర్టు ఎక్కడ ఆగిందో, తన కోపం ఎక్కడ మొదలైందో గీత గీసి చూపేవాళ్లు తక్కువ. మేనకోడలు కూడా ఆ తర్వాత గొంతు తగ్గించింది. 2023 జనవరి 23న అమెజాన్ సొంత కార్గో విమాన సర్వీసుని మన దేశంలో శంషాబాద్ నుంచే ప్రారంభించినప్పుడు టీవీలో చూసి తను సంబరపడ్డానని, ఆ విమానాలు నడిపే క్విక్‌జెట్ పైలట్లు ఏ వేళకి నిద్రపోతారన్నది ఆ రోజు తనకి తోచనే లేదని చెప్పింది. అలా అని ఓడిపోయినట్టు మాత్రం కాదు.

మేనకోడలు: ఒకటి అడుగుతాను, సూటిగా చెప్పండి. బర్మింగ్‌హామ్‌లో ఆ 600 అన్న అంకె వాళ్లకి కనబడి ఉంటే దిగకుండా ఉండేవారా? దారి ఎక్కించని తప్పు అలాగే ఉంది, అలసట అలాగే ఉంది.

మావయ్య: కచ్చితంగా చెప్పలేను. కళ్లు మీటరు మీద ఇంకాసేపు ఉండేవి. అంతవరకు చెప్పగలను. ఇంకొకటి. పెద్ద రన్‌వే మూసింది ఎప్పటిదాకా?

మేనకోడలు: అయిదింటి దాకా.

మావయ్య: పడింది 4:47కి. 13 నిమిషాలు పైన చుట్టు తిరిగితే పెద్ద రన్‌వే తెరిచేవారు. మంచి గ్లైడ్‌స్లోప్ ఉన్న రన్‌వే. చిన్నదే గతి అని నేల మీద నుంచి ప్రయాణం ప్లాన్ చేసే డిస్పాచర్‌కి తెలుసు, ఆ సంగతి పైలట్లతో మాట్లాడలేదని బోర్డు రాసింది. ఆ కాగితంలో 'కాసేపు ఆగొచ్చు' అని ఒక్క లైన్ ఎందుకు లేదు? నీ సాఫ్ట్‌వేర్‌లో ఉంటుందా ఆ లైన్?

మేనకోడలు: ఇంధనం ఎంతుంది, ఎంతసేపు తిరగొచ్చు అన్నది ఉంటుంది. ఆగమని సలహా ఇవ్వదు. ఆలస్యమైతే మాత్రం కారణం అడుగుతుంది. విమాన కంపెనీలన్నిటికీ ఒకే కోడ్‌లుంటాయి. 71 బయల్దేరే చోట వాతావరణం, 72 చేరే చోట వాతావరణం. అలా నంబర్లు.

మావయ్య: 72 వేస్తే ఎవరి ఖాతాలో పడుతుంది?

మేనకోడలు: ఎవరి ఖాతాలోనూ పడదు. జరిమానా లెక్క నుంచి తీసేస్తాం.

మావయ్య: అంటే ఆలస్యానికి మబ్బు కారణమైతే డబ్బు ఎవరూ కట్టరు, ప్రమాదానికి మబ్బు కారణమైతే తప్పు ఎవరిదీ కాదు. బాగుంది. మరి రన్‌వే మెరుగ్గా ఉన్నప్పుడు దిగుదామని కెప్టెన్ తనంతట తాను 13 నిమిషాలు ఆగితే ఏ నంబరు?

మేనకోడలు: దానికని విడిగా ఏదీ వాడం. మా స్క్రీన్ మీద ఆపరేషన్స్ కింద పడేస్తారు. అది విమాన కంపెనీ ఖాతా. నేను కొత్త కోడ్ ఒకటి పెట్టగలను మావయ్యా, అరపూట పని. సరుకు పంపేవాడు ఆ కోడ్‌కి జరిమానా వెయ్యనని సంతకం పెట్టాలి, ఆ సంతకం నేను పెట్టించలేను.

మావయ్య: ముందు కోడ్ పెట్టు. ఎన్నిసార్లు వాడారో నెల తిరిగేసరికి తెలుస్తుంది. ఆ అంకె పట్టుకుని సంతకం అడుగు.

మేనకోడలు: ఒక్కసారి కూడా వాడకపోతే?

మావయ్య: అది కూడా అంకేగా. సున్నా వస్తే ఎందుకొచ్చిందని పైలట్లనే పిలిచి అడుగు.